కుడికాలి బూటు

కొందరుంటారు. ఇంటికి నిప్పంటుకున్నా "ఏం లేదులే, కాస్త పొగ" అంటారు. మన సెంట్రింగ్ మేస్త్రిది అదే బాపతు. పని దగ్గర అందరూ ఆయన్ని ‘ఏంలేదు మేస్త్రి’ అని పిలవడం ఊరికే మొదలవలేదు. ఒకసారి పై అంతస్తు నుంచి జారిన గడ వచ్చి భుజాన పడింది. చొక్కా నెత్తురుతో తడిసిపోయింది. పరుగెత్తుకొచ్చిన వాళ్లతో "ఏం లేదు, ఏం లేదు, మీ పని మీరు చూడండి" అన్నాడు. జ్వరమొస్తే ఏం లేదు. పన్ను పీకించుకుని దవడ వాచి వచ్చినా ఏం లేదు. "ఈయన్ని మొయ్యడానికి నలుగురొచ్చినా లేచి కూచుని ఏం లేదే అంటారు" అని పెళ్లాం ఎకసెక్కాలాడేది. పాపం, ఇప్పుడు ఆవిడ నోట ఆ మాట రాదు.

సెంట్రింగ్ పనంటే మరేం కాదు. స్లాబు పోసే ముందు కింద గడలు నిలబెట్టి, వాటి మీద చెక్కలు పరిచి, మేకులు కొట్టి, తడి కాంక్రీటుకు పడక వేయడం. అది గట్టిపడ్డాక ఆ పడకంతా ఊడదీసి మరో చోటికి మోసుకుపోవడం. ఇల్లు లేచాక వీళ్లు పడ్డ చాకిరీ కంటికి ఆనదు. గోడ కట్టినవాడికి పేరొస్తుంది, రంగు వేసినవాడికి పేరొస్తుంది, స్లాబును మోసిన చెక్కకు మాత్రం చెదలు పడుతుంది.

మేస్త్రి జట్టులో రెండు కట్టుబాట్లుండేవి. ఊడదీసిన చెక్కకు మేకు మిగిలితే దాన్ని పీకాలి, పీకే తీరిక లేకపోతే సుత్తితో ఒక్క దెబ్బ వేసి వంచాలి, అప్పుడే చెక్కను నేల మీద పెట్టాలి. రెండోది, ఒట్టి కాళ్లతో నడవాలి. చెప్పు జారుతుంది, పాదం పట్టుకుంటుంది. కాలు ముందు తడమాలి, కింద ఏముందో అరికాలు చెప్పాలి, అది సరేనన్నాకే బరువు మోపాలి. కొత్తగా చేరినవాళ్లకు మేస్త్రి మొదట నేర్పేది సుత్తి పట్టడం కాదు, ఈ నడకే. ఆయన అరికాళ్లు ఎండిన చెరువులా బీటలు వారి ఉండేవి గానీ, ఇన్నేళ్లలో ఒక్క మేకు కూడా వాటిలో దిగలేదు.

ఆ బీటలు కూతురు చూడలేకపోయేది. ఒక్కతే కూతురు. ఆ ఏడే బూట్ల ఫ్యాక్టరీలో పనికి కుదిరింది. లోపలి అడుగుకు స్పాంజి కత్తిరించి జిగురు పూసి అతికించే బల్ల దగ్గర వేశారు. ఆ ఫ్యాక్టరీలో ఒక మంచి అలవాటుంది. కొత్తగా చేరినవాళ్లు పని నేర్చుకోవడం అయ్యాక ఒక జత బూట్లు మొదటి నుంచి చివరిదాకా తామే చేసి చూపించాలి. సూపర్‌వైజర్ తిరగేసి మరగేసి చూసి సరేనంటే ఆ జత వాళ్లదే, ఇంటికి తీసుకుపోవచ్చు. మిగతా ఆడపిల్లలు తమ కొలతకే చేసుకున్నారు. ఈ పిల్ల తండ్రి కొలతకు చేసింది.

కొలత తీసుకున్న సంగతి చెప్పుకోవాలి. సెలవురోజు మధ్యాహ్నం మేస్త్రి మంచం మీద పడుకుని ఉంటే, కూతురు అట్ట ముక్క తెచ్చి మెల్లగా ఆయన అరికాలికి ఆనించి, చుట్టూ పెన్సిల్‌తో గీత గీసింది. నాన్న నిద్రలో ఉన్నాడని దాని నమ్మకం. నిద్ర ఎక్కడిది! పెన్సిల్ బొటనవేలి కింద మెత్తని చోటికి వచ్చేసరికి ఆయనకు చక్కిలిగింత పుట్టి ప్రాణం పోయినంత పనైంది. నవ్వొస్తే పిల్ల సరదా పాడవుతుందని దిండులో మొహం దూర్చి పళ్లు బిగించి పడుకున్నాడు.

బూట్లు వచ్చిన సాయంత్రం ఆ ఇంట్లో సందడి చూడాలి. గోధుమరంగు బూట్లు, తెల్లటి కుట్లు. మేస్త్రి వాటిని ఒళ్లో పెట్టుకుని పసిపిల్లను చూసినట్టు చూశాడు.

"లోపల చెయ్యి పెట్టి చూడు నాన్నా" అంది కూతురు. "అందరూ ఒక్క పొర స్పాంజే వేస్తారు. నేను రెండు పొరలు వేశాను. నీ కాళ్లకి మెత్తగా ఉండాలని."

"ఇంత మెత్తగా ఉంటే మీ నాన్న పని మానేసి నిద్రపోతారే" అంది తల్లి.

"నువ్వూరుకో అమ్మా. నాన్నా, రేపు పనికి ఇవే వేసుకెళ్లాలి. పెట్టెలో దాస్తే ఊరుకోను."

"వేసుకుంటాలే తల్లీ" అన్నాడు మేస్త్రి. అన్నమాట ప్రకారం వేసుకున్నాడు కూడా. అదే కొంప ముంచింది.

మర్నాడు పని దగ్గర బావమరిది ఆయన్ని చూసి సుత్తి కింద పెట్టి మరీ నవ్వాడు. ఈ బావమరిది మేస్త్రి పెళ్లాం తమ్ముడు, ఆ జట్టులోనే పని. మనసు మంచిదే గానీ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏం బావా, పెళ్లికొడుకువై వచ్చావు? రెండో పెళ్లా? అక్కకు చెప్పావా?"

"నోర్మూసుకుని పని చూడరా. నీ మేనకోడలు చేసింది" అన్నాడు మేస్త్రి. చివరి ముక్క కాస్త గట్టిగా, నలుగురికీ వినబడేలా అన్నాడు.

ఆ రోజు స్లాబు కింద చెక్కలు ఊడదీసే పని. మేస్త్రి ఒక చెక్క ఊడదీసి దించాడు. మామూలుగా అయితే ముందు మేకుకు ఒక దెబ్బ వేసి, అప్పుడు ధబీమని పడేసేవాడు. ఆవేళ కొత్త బూట్ల మీద గీత పడుతుందేమోనని చెక్కను పసికూనలా దించి పక్కన పెట్టాడు. పెట్టిన జాగ్రత్తలో పడి అసలు జాగ్రత్త మరిచాడు. మేకు వంచలేదు. జట్టందరికీ నేర్పిన మనిషి! ఎవణ్ణి అనుకుంటాం? తర్వాత గడ కోసం వెనక్కి అడుగులు వేస్తూ ఆ చెక్క మీదే కాలు పెట్టాడు. ఒట్టి కాలైతే తడిమేది, మేకు మొన తగలగానే వెనక్కి తీసుకునేది. బూటులో ఉన్న కాలికి కళ్లు లేవు. ఒళ్లంతా బరువు దాని మీద పడింది.

కాలెత్తితే చెక్క కూడా లేచి వచ్చింది. బావమరిది పరుగున వచ్చి చెక్క మీద రెండు కాళ్లూ వేసి నిలబడి, రెండు చేతులతో ఆయన మడమ పట్టుకుని లాగాడు. బూటు విప్పి చూస్తే అరికాలిలో, బొటనవేలి కింద, చిన్న ఎర్రటి చుక్క. పట్టుమని పది చుక్కల నెత్తురు కూడా రాలేదు. ఇలాంటి గాయాలు దొంగ గాయాలు. పైకి నోరు చిన్నది, లోపల కడుపు పెద్దది. జట్టు పద్ధతి ప్రకారం బావమరిది సుత్తి పిడితో గాయం చుట్టూ టకటకా కొట్టి, చెడ్డ నెత్తురు పోతుందంటూ పిండి, కిరసనాయిలు పోశాడు. ఆ మేకును మళ్లీ ఎవరికీ గుచ్చుకోకుండా వంచి చెక్కకు అణగగొట్టాడు. లోకానికి ఆ మేకు పీడ వదిలింది. మేస్త్రికి వదల్లేదు.

మేస్త్రి తన కాలు చూసుకోలేదు. బూటు చూసుకున్నాడు. అడుగున చిన్న చిల్లు. అంతే. లోపల చెయ్యి పెట్టి చూడాలని ఆయనకు తట్టలేదు.

"ఒరేయ్, ఇది దానికి తెలియకూడదు" అన్నాడు.

"ఏది బావా?"

"నేను బూట్లు వేసుకున్న సంగతి. తను చేసిన బూట్ల వల్లే అయిందని తెలిస్తే ఆ పిల్ల కుమిలిపోతుంది. ఇంక ఆ ఫ్యాక్టరీలో చేతులాడవు దానికి. ఒట్టి కాళ్లతో ఉన్నానని చెప్తాను. నువ్వూ అదే చెప్పు. నా మీద ఒట్టెయ్యి."

బావమరిది ఒట్టు వేశాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క రహస్యం దాచని మనిషి, దాచకూడని ఆ ఒక్కదాన్నీ దాచాడు. బూట్లు ఖాళీ సిమెంటు సంచిలో చుట్టి తన గదిలో మంచం కింద పెట్టాడు. ఓరి నీ అభిమానం బంగారం కానూ! తండ్రి ప్రేమంటే ఇలాగే ఉంటుంది, కళ్లు మూసుకుని గోతిలో దిగుతుంది.

కుంటుకుంటూ ఇంటికి వస్తే కూతురు మొదట చూసింది కాళ్ల వంకే.

"బూట్లేవి నాన్నా?"

"కొత్తవి కదమ్మా, మట్టి అవుతాయని మీ మావయ్య గదిలో విప్పి పెట్టాను. చిన్న మేకు గుచ్చుకుంది. ఏం లేదు."

పిల్లకు కోపం వచ్చింది. రాదూ మరి! "చెప్పానా లేదా? వేసుకుని ఉంటే గుచ్చుకునేదా? రెండు పొరలు వేశాను! నేను చేసినవంటే నీకు లెక్కలేదు" అని ఏడ్చి పక్కగదిలోకి పోయింది. తల్లి కూడా అందుకుంది. "బిడ్డ చేసిన బూట్లు దాచుకుని కాలు పొడిపించుకున్నారా? మీ తెలివి తెల్లారినట్టే ఉంది." మేస్త్రి తలవంచుకుని అన్నీ పడ్డాడు. లోపల ఆయనకు తృప్తిగానే ఉంది. పిల్లకు తన మీద కోపం వచ్చినా ఫర్వాలేదు, దాని మీద దానికి రాకపోతే చాలు అనుకున్నాడు.

మర్నాడు ఉదయమే తల్లీకూతుళ్లు ఆయన్ని వీధి చివర క్లినిక్‌కు లాక్కుపోయారు. బల్ల మీద కూర్చోబెట్టి డాక్టరు కాలు పట్టుకుని దీపం దగ్గరికి తిప్పాడు. తల నెరిసిన మనిషి, వెనకాల ఎంతమంది కాచుకుని ఉన్నా తొందరపడే రకం కాదు.

"మేకు తుప్పుదా?"

"పాతదే డాక్టర్ గారూ."

"గుచ్చుకున్నప్పుడు కాలికి ఏముంది? చెప్పులా, బూట్లా, మేజోళ్లా?"

కూతురు పక్కనే నిలబడి తండ్రి చెయ్యి పట్టుకుని ఉంది. ఆయన దాని మొహం వంక చూశాడు. నిన్న ఏడ్చిన కళ్లు ఇంకా ఉబ్బే ఉన్నాయి.

"ఒట్టి కాలేనండి" అన్నాడు.

"సరిగా గుర్తు తెచ్చుకో. బూటులోంచి దిగితే దాని ముక్క మేకుతో పాటు లోపలికి పోయి ఉండిపోతుంది. అప్పుడు కోసి చూడాలి."

"లేదండి. మా పనిలో ఎవరూ ఏమీ వేసుకోరు."

"అయితే మంచిదే" అని డాక్టరు గాయం కడిగి, ఇంజెక్షన్ పొడిచి, మాత్రలు రాసి, "వాచినా, వేడిగా ఉన్నా, కారినా ఆ రోజే రావాలి" అని మరీమరీ చెప్పి పంపాడు. అడగాల్సినది అడిగాడు ఆ పెద్దమనిషి. రోగి నోరు విప్పకపోతే డాక్టరు దేవుడా?

గాయం పైన పక్కు కట్టింది. చూశావా ఏం లేదన్నాను కదా అని మేస్త్రి కాలికి ప్లాస్టిక్ సంచి కట్టుకుని పనిలోకి పోయాడు. లోపల సలుపు మొదలైంది. మొదట నడిస్తేనే ఉండేది, తర్వాత కూర్చున్నా ఉండేది. పాదం పైభాగం ఎర్రబడి నిగనిగలాడింది. ఎవరడిగినా ఏం లేదు. చివరికి ఒకరోజు కూతురు ఆయన పక్కన భోజనానికి కూర్చుని ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగిపోయింది.

"నాన్నా, ఏదో వాసన."

వాసన కాలిదే. మళ్లీ క్లినిక్‌కు. డాక్టరు కట్టు విప్పి మొహం చిట్లించాడు. "నిజం చెప్పు. ఒట్టి కాలేనా?" అన్నాడు. ఇది రెండోసారి అడగడం. అదృష్టం ఎవరి గుమ్మంలోనైనా రెండుసార్లు నిలబడుతుందా? నిలబడింది. ఆ రోజు కూడా కూతురు పక్కనే ఉంది.

"ఒట్టి కాలేనండి."

డాక్టరు చీటీ రాసి వెంటనే పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు.

పెద్దాసుపత్రిలో రక్తం తీసి చూస్తే, మేస్త్రి ఒంట్లో షుగరు ఎప్పటి నుంచో కాపురముంటోందని తెలిసింది. దాహం వేస్తే ఎండ అన్నాడు, కాళ్లు తిమ్మిరెక్కితే గడల మీద నిలబడ్డందుకన్నాడు, మరి ఎలా తెలుస్తుంది? ఎక్స్‌రే తీశారు. ఎక్స్‌రేలో ఇనుము కనబడుతుంది, ఎముక కనబడుతుంది. స్పాంజి కనబడదు. గాయం నోరు తెరిచి చీము తీసి కట్టు కట్టారు. రెండురోజులు తగ్గినట్టే తగ్గి మళ్లీ పొంగింది. బొటనవేలు నల్లబడింది. పెద్ద డాక్టరమ్మ రోజూ వచ్చి కట్టు విప్పి చూసి, పక్కనున్న వాళ్లతో మెల్లగా మాట్లాడి వెళ్లేది. కూతురు ఫ్యాక్టరీకి సెలవు పెట్టి, మంచం పక్క స్టూలు మీద నుంచి లేవలేదు.

"కాలు ఉంటుందా డాక్టరమ్మా?" అని భార్య అడిగింది ఒక ఉదయం.

"ఎందుకు మానడం లేదో తెలిస్తే చెప్పగలను. లోపల ఏదో ఉండి తీరాలి. ఏముందో తెలియకుండా ఎక్కడని వెతకను?" అంది ఆవిడ.

మేస్త్రి విన్నాడు. విని పైకప్పు వంక చూశాడు. అది కూడా ఎవరో చెక్కలు పరిచి పోసిన స్లాబే. చెక్కల అచ్చులు కనబడుతున్నాయి. ఆ అచ్చులు లెక్కపెడుతున్నట్టు పడుకున్నాడు. ఇప్పుడు చెప్పేద్దామా? చెప్తే కోస్తారు, దొరుకుతుంది, కాలు దక్కుతుందేమో. చెప్తే పిల్లకు తెలుస్తుంది. కాలు పోతే మళ్లీ గడ ఎక్కలేడు, ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. "డాక్టరమ్మా" అని పిలిచాడు కూడా. ఆవిడ వెనక్కి తిరిగింది. అప్పుడే కూతురు ఆయన పెదాలు ఎండిపోయాయని తడిబట్టతో తుడిచింది.

"ఏం లేదండి" అన్నాడు.

లోపల ఏదో ఉందన్న డాక్టరమ్మ మాట అక్క నోట విని, ఆ మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. చేతిలో సిమెంటు సంచి ఉంది. దాన్ని చూడగానే మేస్త్రి తల అడ్డంగా ఊపాడు, కళ్లతో వద్దన్నాడు, చెయ్యి ఎత్తి బతిమాలాడు. బావమరిది ఆయన వంక చూడలేదు. నేల చూపులు చూస్తూ వచ్చి, సంచి విప్పి కుడికాలి బూటు తీసి మేనకోడలి చేతిలో పెట్టాడు.

"ఒట్టేశానే తల్లీ. ఒట్టు తప్పితే ఏమవుతుందో అవనీ. మీ నాన్న ఆ రోజు ఇవే వేసుకున్నాడు" అని అక్క వంక తిరిగి చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

కూతురు బూటు తిరగేసి అడుగున చిల్లు చూసింది. తర్వాత లోపలికి చెయ్యి పోనిచ్చి వేలితో తడిమింది. రోజూ ఆ చేతులతో అదే పని చేసే పిల్ల, వెతుక్కోనక్కర్లేదు. వేలు ఒకచోట ఆగింది. స్పాంజిలో గుండ్రంగా, చిటికెన వేలి కొన పట్టేంత గుంట.

"రెండు పొరలు వేశాను నాన్నా" అంది. "రెండూ లేవు."

"దాని వల్ల కాదమ్మా" అన్నాడు మేస్త్రి. "నేనే మేకు వంచలేదు. నీ బూట్లు బంగారంలాంటివి. నీ వల్ల కాదు తల్లీ."

"డాక్టరు గారు రెండుసార్లు అడిగారు. నేను పక్కనే ఉన్నాను." పిల్ల బూటును రెండు చేతులతో పట్టుకుని ఉంది. "ఒక్క మాట చెప్తే పోయేది కదా."

మేస్త్రి పిల్ల మనసు కాపాడాలని ఇంత చేశాడు. ఇప్పుడు మనసూ దక్కలేదు, కాలూ దక్కేలా లేదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడమంటే ఇదే.

కూతురు బూటు పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది. సాయంత్రం లోపే మళ్లీ కోశారు. ఈసారి ఎంత లోతుకు వెళ్లాలో తెలుసు కాబట్టి వెళ్లారు. ఎముక పక్కన దొరికింది. తెల్లటి గిన్నెలో వేసి డాక్టరమ్మ బయటకు తెచ్చి చూపించింది. శనగబద్దంత నల్లటి ముక్క. కడిగితే రెండు పొరలు. ఇన్నాళ్లు చీములో నానినా ఒకదాన్ని ఒకటి వదల్లేదు. పిల్ల పూసిన జిగురు అంత గట్టిది.

"ఇది మొదట్లోనే తెలిసుంటే చిన్న కోత, నాలుగు కుట్లు" అంది డాక్టరమ్మ. ఎత్తిపొడుపుగా అనలేదు, బాధగానే అంది. "ఇప్పుడు ఎముకకు పాకింది. షుగరు తోడైంది. పాదం తీసెయ్యాలి. ఆలస్యం చేస్తే మోకాలిదాకా పోతుంది."

తల్లి గోడకు జారగిలపడి కూర్చుంది. మేస్త్రి మాత్రం సంతకం చేస్తూ "ఏం లేదే, పాదమే కదా" అన్నాడు భార్యతో. ఆవిడ లేచి వచ్చి ఆయన నోటి మీద చెయ్యి పెట్టింది. "ఆ మాట ఇంక నా ఎదుట అనొద్దు. మీకు దణ్ణం పెడతాను, ఆ మాట అనొద్దు" అంది.

పాదం తీసేశారు.

ఇంటికి వచ్చాక అందరూ వచ్చి చూసిపోయారు. జట్టువాళ్లు గుమ్మంలో నిలబడి ఏం మాట్లాడాలో తెలియక, ఏ స్లాబు ఎంతవరకు వచ్చిందో చెప్పి వెళ్లారు. బావమరిది రోజూ వచ్చేవాడు గానీ జోకులు మానేశాడు. ఒకరోజు తల్లి ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద నుంచి అట్ట ముక్క ఒకటి వచ్చింది. దాని మీద పెన్సిల్‌తో గీసిన కుడిపాదం. ఆవిడకు దాన్ని పారేయడానికి చెయ్యి రాలేదు, దాచడానికి చోటు తోచలేదు. చివరికి బీరువా మీద, పైకి కనబడకుండా పెట్టింది.

కూతురు ఫ్యాక్టరీకి పోతోంది. పోక ఎలా గడుస్తుంది? కానీ స్పాంజి బల్ల దగ్గర వద్దని సూపర్‌వైజర్‌ను బతిమాలుకుని, తయారైన బూట్లను డబ్బాల్లో సర్దే చోట వేయించుకుంది. అక్కడైతే బూటు లోపల చెయ్యి పెట్టక్కర్లేదు. సాయంత్రం వచ్చి తండ్రికి మందు ఇస్తుంది, కట్టు మారుస్తుంది, ఊతకర్రలు అందిస్తుంది. కసురుకోదు, ఏడవదు. ఒక్కటే, ఏమీ అడగదు. ఇదివరకు గుమ్మంలో అడుగుపెడుతూనే "నాన్నా, తిన్నావా? ఎలా ఉంది? ఎక్కడికెళ్లావు?" అని ప్రాణం తీసే పిల్ల. ఇప్పుడు మందుబిళ్ల చేతిలో పెట్టి మంచినీళ్లు ఇచ్చి నిలబడుతుంది. అడిగి ఏం లాభం, ఈయన నిజం చెప్తాడా అని మానేసింది కాబోలు. కాలు పోయిన దానికంటే మేస్త్రిని ఇది ఎక్కువ కోసింది. కూతురు అరిస్తే బాగుండునని, నాలుగు మాటలంటే బాగుండునని, ఆయన గుమ్మం వైపు చూస్తూ పడుకునేవాడు.

ఒక సాయంత్రం పిల్ల కట్టు మార్చడం అయిపోయింది. పాతబట్టలు చుట్టి లేవబోతోంది. మేస్త్రి దుప్పటిని పిడికిట్లో పట్టుకుని ఉన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. ఆ పిల్ల చూసింది. చూసి, అలవాటుగా అడగకుండా తిరిగింది.

"అమ్మా" అన్నాడు.

ఆగింది.

"నొప్పెడుతోందమ్మా."

పిల్ల వెనక్కి తిరిగి ఆయన మొహం వంక చూసింది. పుట్టి ఇన్నేళ్లలో తండ్రి నోట ఆ మాట వినలేదు.

"ఎక్కడ నాన్నా? కట్టు దగ్గరా?"

"కాదమ్మా. పాదం. బొటనవేలి కింద, మేకు దిగిన చోట. రోజూ ఉంటోంది. చాలా నొప్పి." ఆయన కళ్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. "లేని కాలు నొప్పెడుతోందంటే మీరు నవ్వుతారని చెప్పలేదు. కానీ ఉంది తల్లీ. నిజంగా ఉంది. భరించలేకపోతున్నాను."

కూతురు చేతిలో ఉన్నవి కింద పెట్టింది. వచ్చి మంచం చివర కూర్చుంది. కట్టు అయిపోయాక దుప్పటి చదునుగా పరిచి ఉంది. అక్కడ, పాదం ఉండాల్సిన చోట, చెయ్యి పెట్టింది. ఆ కొలత దానికి బాగా తెలుసు.

"ఇక్కడా నాన్నా?"

"ఇంకాస్త పైకి."

చెయ్యి జరిపింది. "ఇక్కడా?"

"ఆఁ. అక్కడే."

పిల్ల రెండు బొటనవేళ్లూ దుప్పటి మీద ఆనించి, మెల్లగా ఒత్తడం మొదలుపెట్టింది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు.

"తగ్గిందా?" అంది కొంతసేపయ్యాక.

"తగ్గలేదమ్మా" అన్నాడు మేస్త్రి. "ఇంకాసేపు ఒత్తు."